ఉబ్బసానికి ఏది మంచిది: నీలం పంపా, రోజూ పీల్చే మందా, మాత్రా, నెబులైజరా?

మా అమ్మ వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఎప్పుడూ ఒక నీలం పంపు, అంటే ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్, ఉండేది. ఎండుమిరపకాయలు నూనెలో వేసే ముందు ఒకసారి కొట్టుకునేది. ఘాటు తగ్గాక ఇంకోసారి. పడుకునే ముందు రెండుసార్లు, తెల్లవారుజామున దగ్గు లేపితే మళ్లీ ఒకసారి. పంపులో 200 సార్లకు సరిపడా మందు ఉంటుంది. రోజుకు ఐదు చొప్పున నలభై రోజులకు ఖాళీ. ఒకసారి తెనాలి వెళ్లినప్పుడు అటక సర్దుతుంటే పాత స్వీట్ల డబ్బాలో ఖాళీ పంపులు కనిపించాయి. పారేయడానికి మనసొప్పక దాచిందట. లెక్కపెడితే ఏడాదికి తొమ్మిది తేలాయి.

"ఊరుకోవే, పంపు చేతిలో ఉంటే నాకేం భయం" అంది.

ఉబ్బసం వైద్యంలో ప్రపంచమంతా డాక్టర్లు చూసుకునేది గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా మార్గదర్శకాలు. పొట్టిగా జీనా అంటారు. ఇలాంటి పంపులు ఏడాదికి మూడు, లేదా అంతకు మించి ఖాళీ అయితే పెద్ద ఎటాక్ వచ్చే ముప్పు పెరుగుతుందని, నెలకొకటి చొప్పున పన్నెండుకు చేరితే ప్రాణానికే ముప్పు పెరుగుతుందని అందులో ఉంది. అమ్మ తొమ్మిది దగ్గరుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, అన్ని పంపులూ అడగ్గానే ఇచ్చిన మందుల షాపు అబ్బాయికీ తెలియదు.

నేను డాక్టర్ని కాను. ఇంట్లో ఇద్దరి ఉబ్బసం చూసుకుంటున్న మనిషిని. అమ్మకు, ఆరేళ్ల మా వాడికి. చీటీ మీద మూడు మందులు రాయించుకుని ఇంటికి రాగానే చుట్టాలు ఇంకో ఐదు చెబుతారు చూడండి, అప్పుడు ఏది దేనికో తెలియడానికి ఇది రాస్తున్నాను. ఎవరికి ఎంత మోతాదు అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

ఆయాసం తీర్చేది వేరు, వాపు తగ్గించేది వేరు

ఉబ్బసంలో ఊపిరి గొట్టాలకు రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాచి, కఫం ఊరుతుంది. పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం, రాత్రి మూడింటికి లేపే దగ్గు, అన్నీ ఈ రెండింటి పనే.

నీలం పంపులో ఉండేది సాల్బుటమాల్. అది బిగుసుకున్న కండరాన్ని ఐదు నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది. వాపు జోలికి మాత్రం అసలు పోదు. వాపు తగ్గించేవి పీల్చే స్టెరాయిడ్లు: బ్యూడిసోనైడ్, ఫ్లూటికసోన్, బెక్లోమెథసోన్. వీటితో మొదటి రోజు ఏమీ తెలియదు, ఒకటి రెండు వారాలు పడుతుంది. మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. కొట్టుకోగానే హాయినిచ్చేది మంచి మందు, ఏమీ తెలియనిది పనికిరాని మందు అనుకుని రెండోది పక్కన పెట్టేస్తారు. మా అమ్మ చేసింది అదే. చీటీలో రెండూ ఉన్నాయి, ఆవిడ వాడింది ఒకటే.

మూడో రకం ఒకటుంది. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా డాక్టర్ని అడగాల్సింది దీని గురించే అంటాను. బ్యూడిసోనైడ్, ఫార్మోటెరాల్ కలిపిన పంపు. ఫార్మోటెరాల్ సాల్బుటమాల్ లాగే కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది, పన్నెండు గంటలు నిలుస్తుంది. ఆయాసం వచ్చి కొట్టుకున్న ప్రతిసారీ దాంతోపాటు వాపు మందు కూడా లోపలికి పోతుంది. అందుకే 2019లో జీనా తన పాత సలహాను మార్చుకుంది. పెద్దవాళ్లకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయొద్దని, తేలికపాటి ఉబ్బసానికి కూడా స్టెరాయిడ్ కలిసిన మందు ఏదో ఒక రూపంలో ఉండాలని చెప్పింది. సాల్బుటమాల్ పంపు మార్కెట్లోకి వచ్చింది 1969లో. యాభై ఏళ్ల అలవాటు అంత తేలిగ్గా పోదు. మన ఊళ్లలో ఇంకా పోలేదు.

ఒక జాగ్రత్త. సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ కలిపిన పంపులూ ఉన్నాయి. అవి రోజూ వాడుకోవడానికి మంచివే. కానీ సాల్మెటెరాల్ నిదానంగా పనిచేస్తుంది, ఆయాసం వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. పంపు రంగు చూసి గుర్తుపెట్టుకోవద్దు, కంపెనీని బట్టి మారుతుంది. డబ్బా మీద మందు పేరు చదవండి.

ఇక స్టెరాయిడ్ అనగానే వచ్చే భయం. "అలవాటైపోతుందే, మొహం ఉబ్బుతుందే" అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. పెద్ద ఎటాక్ వస్తే పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చే ప్రెడ్నిసోలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. మొత్తం 200. బ్యూడిసోనైడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు పీలిస్తే ఏడాదంతా కలిపి 146 మిల్లీగ్రాములు. ఒక్క ఎటాక్‌కు మింగే మందు కన్నా ఏడాది పొడుగునా పీల్చేది తక్కువ. బరువు లెక్క ఒక్కటే చాలదనుకోండి, బ్యూడిసోనైడ్ గ్రాముకు గ్రాము బలమైనదే. అయితే పీల్చినప్పుడు గొంతులో పడి కడుపులోకి జారిన భాగాన్ని చాలావరకు కాలేయం విరిచేస్తుంది. ఒంట్లోకి చేరేది కొంచెమే. పిల్లల ఎత్తు మాట కూడా దాచడం ఎందుకు, ఏళ్ల తరబడి వాడిన పిల్లలు పెద్దయ్యాక సుమారు ఒక సెంటీమీటరు తక్కువ ఉండొచ్చని తేలింది. ఊపిరాడక రాత్రిళ్లు నిద్రలేని పిల్లవాడు కూడా సరిగ్గా ఎదగడు. మా వాడి విషయంలో నేను ఆ సెంటీమీటరు వదులుకున్నాను.

పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. మా ఇంట్లో ఈ పంపు స్థానం బ్రష్‌ల స్టాండు. పొద్దున, రాత్రి ముందు పంపు, తర్వాత పళ్లు తోముకోవడం. మర్చిపోవడమూ ఉండదు, పుక్కిలించడమూ అయిపోతుంది.

ఏ పరికరం ఎవరికి

నొక్కితే గాలిలా వచ్చే పంపు ఒకటి. గొట్టంలో క్యాప్సూల్ పెట్టి తిప్పి పీల్చే పొడి మందు ఒకటి. పంపుకు తగిలించే ప్లాస్టిక్ డబ్బా, స్పేసర్. ఆవిరి యంత్రం, నెబులైజర్. మందు అదే అయినా, పరికరం సరిపడకపోతే అది ఊపిరితిత్తుల దాకా చేరదు.

తర్వాత వాపు మందు రోజూ వాడాల్సిందేనని అమ్మకు మొదట ఇచ్చింది పొడి మందు గొట్టం. ఆరు నెలలైనా గుణం లేదు. కొత్త డాక్టరుగారు మందు మార్చే ముందు "ఎలా పీలుస్తారో ఒకసారి చూపించండమ్మా" అన్నారు. అమ్మ గొట్టం నోట్లో పెట్టుకుని శ్రద్ధగా ఉఫ్ అని ఊదింది. పొడి అంతా డాక్టరుగారి బల్ల మీద పడింది. ఆరు నెలలుగా బియ్యప్పిండి లాంటి ఆ మందు మా ఇంటి గాలిలో కలిసిందన్నమాట. అమ్మ చిన్నబుచ్చుకుంది గానీ తప్పు ఆవిడది కాదు. ఎవరూ పీల్చి చూపించలేదు.

పొడి మందును బలంగా, వేగంగా లోపలికి లాగాలి. గట్టి ఊపిరి ఉన్న పెద్దవాళ్లకు అది సుఖం, జేబులో పడుతుంది, నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరాలన్న బాధ లేదు. ముసలివాళ్లకు, ఐదారేళ్ల లోపు పిల్లలకు, ఎటాక్ మధ్యలో ఉన్నవాళ్లకు ఆ బలం చాలదు. వానాకాలం తేమకు పొడి ముద్ద కడుతుంది కూడా. కోస్తాలో ఉండేవాళ్లు క్యాప్సూల్ వాడే ముందే తీయాలి, బాత్రూములో అసలు పెట్టకూడదు.

నొక్కే పంపుకు దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. బాగా ఊపి, ఊపిరి బయటికి వదిలి, నొక్కుతూనే నిదానంగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. చాలామందికి నొక్కేది ముందు, పీల్చేది తర్వాత అవుతుంది. మందు గొంతు వెనక కొట్టుకుని ఆగిపోతుంది. స్పేసర్ ఈ చిక్కు తీరుస్తుంది. నొక్కితే మందు డబ్బాలో నిలబడుతుంది, తీరిగ్గా పీల్చుకోవచ్చు. నన్నడిగితే నొక్కే పంపు వాడే ప్రతివాళ్లూ స్పేసర్ కొనాలి, ముఖ్యంగా రోజూ స్టెరాయిడ్ పీల్చేవాళ్లు. నాలుగేళ్ల లోపు పిల్లలకు దానికి మాస్కు తగిలించాలి, ఆ పైన నోట్లో పెట్టుకోవచ్చు. మా వాడు ఆరు ఊపిర్లు వేళ్ల మీద లెక్కపెడుతూ పీలుస్తాడు, ఒకసారి నొక్కితే వచ్చే ఒక్కో పఫ్‌కు ఆరు. స్పేసర్‌ను వారానికోసారి సబ్బు నీళ్లలో ముంచి అలాగే ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు కరెంటు పట్టినట్టయి మందు గోడలకే అంటుకుంటుంది. చేతిలో స్పేసర్ లేని అవసరంలో అరలీటరు ప్లాస్టిక్ సీసాకు పంపు మూతి పట్టేంత కన్నం చేసి వాడొచ్చు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద 1999లోనే పరీక్షించి చూశారు, బాగానే పనిచేసింది.

నెబులైజర్ మీద మనకున్న భక్తి ఇంకే యంత్రం మీదా లేదు. "ఆవిరి పెట్టిస్తేనే తగ్గుతుంది" అంటారు. మామూలు నుంచి మధ్యస్థం దాకా ఉన్న ఎటాక్‌లో స్పేసర్‌తో సరిపడా పఫ్‌లు ఇస్తే ఫలితం నెబులైజర్‌తో సమానమని ఎన్నో పరీక్షల్లో తేలింది. ఆసుపత్రుల్లో ఆ మోతాదు నాలుగు నుంచి పది పఫ్‌లు, ఇరవై నిమిషాలకోసారి. నెబులైజర్‌కు కరెంటు కావాలి, ఒక్కోసారికి పది నిమిషాలు, వాడిన ప్రతిసారీ కడగాలి. కడగని మాస్కులో క్రిములు పెరుగుతాయి. ఎటాక్ తీవ్రమై ఆక్సిజన్‌తో కలిపి ఇవ్వాల్సినప్పుడు, మనిషి స్పేసర్ పట్టుకోలేని స్థితిలో ఉన్నప్పుడు దాని అవసరం నిజమే. ఇంట్లో కొనాలా అంటే, ముందు మంచి స్పేసర్ కొనండి. ఇంకో మాట: ఇంట్లో నెబులైజర్ ఉంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిన గంట దాని ముందే గడిచిపోతుంది.

ఆ గంట ఎలా గుర్తుపట్టాలి? వాక్యం పూర్తిగా మాట్లాడలేక ముక్కలుగా మాట్లాడటం, మెడ దగ్గర, పక్కటెముకల మధ్య గుంటలు పడటం, పెదవులు నీలంగా మారడం, పంపు కొట్టినా గుణం రాకపోవడం. పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి మనిషి మగతగా ఉంటే తగ్గిందని సంబరపడకండి. గాలి ఆడటం మానేసిందని అర్థం. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా స్పేసర్‌తో సాల్బుటమాల్ ఇస్తూ ఉండండి.

మాత్రలు, ఇంజెక్షన్లు

సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర నలభై పఫ్‌ల పెట్టు. అది కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరితిత్తులకు చుట్టు తిరిగి వస్తుంది, దారిలో గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది. "పంపు డేంజర్, మాత్ర మంచిది" అనేవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదొక్కటే.

ఊపిరి గొట్టాలను వదులు చేసే పాత మందు థియోఫిలిన్ మాత్రల్లో మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కలిస్తే రక్తంలో పెరిగిపోతుంది కూడా. మాంటెలూకాస్ట్ మాత్ర వేరే కథ. ముక్కు కారడం, తుమ్ములు, ఉబ్బసం మూడూ కలిసి ఉన్నవాళ్లకు కొంత మేలు చేస్తుంది, కానీ పీల్చే స్టెరాయిడ్‌కు సాటి రాదు. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అన్నిటికన్నా గట్టి హెచ్చరిక తగిలించింది. పిల్లలకు మొదలుపెడితే వాళ్ల నిద్ర, మూడ్ గమనించండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే ఇంజెక్షన్‌తో గంటలో హాయిగా ఉంటుంది. అందులో ఉన్నది తరచుగా స్టెరాయిడే. పంపులో మైక్రోగ్రాములంటే భయపడినవాళ్లు అక్కడ పేరైనా అడగరు.

అలర్జీ పరీక్ష చేయించాలా, డైరీ రాయాలా

రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఉబ్బసాన్ని రేపేవాటిలో కొన్ని అలర్జీలు: పరుపుల్లో బతికే, కంటికి కనిపించని డస్ట్ మైట్లు అనే పురుగులు, బొద్దింకల రెట్ట, పిల్లి, కుక్క, బూజు, పుప్పొడి. కొన్ని అలర్జీ కాదు, ఒట్టి మంట పుట్టించేవి: పోపు ఘాటు, అగరొత్తులు, దోమల కాయిల్, దీపావళి పొగ, భోగి మంట, సంక్రాంతి ముందు వేసే రంగుల వాసన, చల్లగాలి. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చే పరీక్షలో మొదటి గుంపు మాత్రమే బయటపడుతుంది. అమ్మ ఏడుపంతా పోపు దగ్గర. దానికి ఏ పరీక్షా లేదు, చిమ్నీ ఒక్కటే ఉంది.

అందుకే ముందు రెండు నెలలు డైరీ రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది. ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో చూపే పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని పొద్దున, సాయంత్రం ఊది అంకె వేస్తే మరీ మంచిది. మీ మంచి రోజు అంకెలో 80 శాతం దాటితే ఫర్వాలేదు, 50 కన్నా తగ్గితే ఆసుపత్రి. మా డైరీలో తేలింది నేను కలలో కూడా అనుకోలేదు: మా వాడి చెడ్డ రాత్రులన్నీ శుక్రవారాలే. అత్తయ్య తలంటి పోసి, వాడికి చంటిపిల్లలకు పట్టినట్టు సాంబ్రాణి ధూపం పట్టేవారు. ఆవిడ ఎంతో ప్రేమగా చేసే పని. "ధూపం దేవుడి గదిలో పెట్టండత్తయ్యా, వాడి తల ఫ్యాన్ కింద ఆరబెడదాం" అని చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

దోమల కాయిల్ సంగతి కూడా చెప్పాలి. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. దోమతెరకు మించింది లేదు.

పరీక్షే కావాలనుకుంటే చర్మం మీద గుచ్చేది మొదట ఎంచుకోవచ్చు. పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. దానికి ముందు వారం రోజులు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి. ఆపలేనివాళ్లకు, ఒళ్లంతా ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడే జబ్బు) ఉన్నవాళ్లకు రక్తంలో ఐజీఈ (అలర్జీలో పెరిగే ప్రతిరక్షకం) పరీక్ష. వందల పదార్థాల జాబితాతో అమ్మే ప్యాకేజీల జోలికి పోవద్దు. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ పదార్థం ఆయాసం తెస్తోందని కాదు. ఆ కాగితం చూసి పిల్లలకు పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పించినవాళ్లు నాకు తెలుసు. తిండి వల్ల మాత్రమే ఉబ్బసం రేగడం అరుదు.

మైట్లు తేలితే దిండ్లకు, పరుపుకు జిప్ ఉన్న మందపు కవర్లు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, చీపురు బదులు తడిగుడ్డ. ఎయిర్ ప్యూరిఫైయర్ దీనికి పెద్దగా అక్కరకు రాదు, మైట్ల ధూళి బరువు, గాలిలో ఎక్కువసేపు తేలదు. పొగకైతే కొంత పనికొస్తుంది. డబ్బు ఒకదానికే ఉందనుకుంటే ప్యూరిఫైయర్ మానేసి రోజూ పీల్చే మందు కొనండి.

ఒంటిని ఆ అలర్జీకి మెల్లగా అలవాటు చేసే అలర్జీ ఇంజెక్షన్లు, నాలుక కింద చుక్కలు మూడు నుంచి ఐదేళ్ల పని. ఏదో ఒక అలర్జీ గట్టిగా తేలి, ఉబ్బసం అప్పటికే అదుపులో ఉన్నవాళ్లకే. అదుపులో లేనివాళ్లకు ఇంజెక్షన్‌తోనే ఎటాక్ రావచ్చు. అందుకే వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఓమలిజుమాబ్ లాంటి బయొలాజికల్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల్లో తయారుచేసే మందులు, కొన్ని వారాలకోసారి. బాగా ఖరీదు. అన్నీ సరిగ్గా వాడినా లొంగని తీవ్రమైన ఉబ్బసానికే వాటి పేరు ఎత్తాలి.

చేప ప్రసాదం మాట

అడగకుండా ఉండరు కాబట్టి చెబుతున్నాను. ప్రతి జూన్‌లో మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి ఉచితంగా మింగిస్తుంది. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. అందులో ఏముందో మాత్రం చెప్పరు. ఏముందో తెలియనిదాన్ని మిగతా మందుల పక్కన పెట్టి పోల్చడం నాకు చేతకాదు. ఉబ్బసం మామూలుగానే నెలలకొద్దీ తగ్గి మళ్లీ లేస్తుంటుంది, తగ్గిన నెలల ఘనత దగ్గర్లో ఏది ఉంటే దానికి పోతుంది. వెళ్లాలనుకుంటే వెళ్లండి. రోజూ పీల్చే మందు మాత్రం ఆ రోజు కూడా మానొద్దు, సాల్బుటమాల్ పంపు జేబులో పెట్టుకునే క్యూలో నిలబడండి. ఆ రద్దీలో, ఆ ఉక్కలో అవసరం పడొచ్చు.

అమ్మకు ఇప్పుడు బ్యూడిసోనైడ్, ఫార్మోటెరాల్ పంపు స్పేసర్‌తో పొద్దున, రాత్రి నడుస్తోంది. ఆయాసం వస్తే కొట్టుకోమన్నదీ దాన్నే. నీలం పంపు అక్కర్లేదని డాక్టరుగారు చెప్పినా పోపుల డబ్బా పక్కనుంచి తీయనివ్వలేదు, "ధైర్యానికి ఉండనీయవే" అంది. కొన్నరోజు దాని మీద మార్కర్‌తో తేదీ వేశాను. మొన్న కార్తీక మాసంలో వెళ్లినప్పుడు చూస్తే అదే పంపు, అదే తేదీ, ఫిబ్రవరిది. ఊపి చూశాను. లోపల మందు ఇంకా కదులుతోంది.